నోటిఫికేషన్, పాస్, సెటిల్మెంట్: మన ముత్తాతల మీద పడ్డ ఇంగ్లీషు మాటలు

పోస్టు పెద్దది. మెస్ బెల్లు కొట్టేలోపు అయిపోదు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్లం అందరం ఇంగ్లీషు వొకాబులరీలో ఒక చాప్టర్ బట్టీ కొట్టే ఉంటాం. ఒకే మాట, అనేక అర్థాలు. బ్యాంక్ అంటే డబ్బు దాచుకునే చోటు, ఏటి గట్టు కూడా. బ్యాట్ అంటే క్రికెట్ బ్యాట్, గబ్బిలం కూడా. ఇట్లాంటివి ఓ యాభై నేర్చుకుంటే రెండు మార్కులు గ్యారంటీ అని సార్లు చెప్తారు. నిజమే. కానీ ఆ చాప్టర్లో ఎప్పుడూ కనపడని మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి డిక్షనరీలో ఐదారు అర్థాలు ఉంటే, అందులో ఒకటి మన ముత్తాతల కోసం పక్కన పెట్టినట్టు ఉంటుంది. మా చీరాల, బాపట్ల పక్క చరిత్రలోంచి అవి ఏరి రాస్తున్నాను. ఎరుకల, యానాది, లంబాడీ పిల్లలు ముఖ్యంగా చదవాలి, ఎందుకంటే ఈ మాటలు ఎక్కువగా పడింది మన మీదే.

ముందు సెటిల్మెంట్.

చీరాలలో బాపట్ల వైపు పాసింజర్ బండి ఎక్కితే మధ్యలో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. ఇది పాత ఊరు కాదు. 1913–14లో మద్రాసు ప్రభుత్వం, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ కలిసి ఎరుకల కుటుంబాలను పట్టుకొచ్చి ఇక్కడ పెట్టారు. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అంటే మనోళ్ల ఊరికి మనోళ్లెవరూ చూడని దొర పేరు. మా అమ్మమ్మ వయసు వాళ్లు ఇప్పటికీ ఊరి పేరు చెప్పరు, "సెటిల్మెంట్" అంటారు. "సెటిల్మెంట్లో మా పెద్దమ్మ ఉండేది" అంటే చుట్టాల్లో అందరికీ అర్థమవుతుంది. తాడేపల్లి దగ్గర సీతానగరం, నెల్లూరు జిల్లా కావలి, కర్నూలు పక్క సిద్ధాపురం, ఇవన్నీ అట్లాంటి సెటిల్మెంట్లే. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నడిపారు.

ఇప్పుడు అదే మాట చీరాల బజార్లో వినండి. "వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో సెటిలయ్యాడు" అంటే ఉద్యోగం, ఇల్లు, పెళ్లి అన్నీ అయిపోయాయని. "ఆయన సెటిల్మెంట్లు చేస్తాడు" అంటే పొలం తగాదాల్లో తలదూర్చి రెండు పక్కలా డబ్బు లాగే మనిషి. రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే దాన సెటిల్మెంట్ దస్తావేజు అని ఉంటుంది, అది తండ్రి కొడుకుకో కూతురికో ఆస్తి రాసిచ్చే కాగితం. కంపెనీలో ఉద్యోగం మానేస్తే ఫైనల్ సెటిల్మెంట్, అది రావాల్సిన డబ్బు. రెవెన్యూ వాళ్ల సర్వే సెటిల్మెంట్ అంటే భూమి కొలిచి, తరగతి కట్టి, శిస్తు నిర్ణయించడం. తెలంగాణలో సెటిలర్లు అంటే మన కోస్తా నుంచి వెళ్లి పొలాలు కొన్నవాళ్లు. ఇన్ని అర్థాల్లో ఒక సంగతి గమనించండి. దాదాపు అన్నిట్లో మనిషికి ఏదో ఒకటి దక్కుతుంది. ఆస్తి, డబ్బు, పట్టా, ఇల్లు. ఒక్క మన సెటిల్మెంట్లోనే మనిషే దక్కాడు, వాళ్లకి.

తెలుగులో అయితే ఇన్నిటికీ ఒక్క మాట సరిపోదు. స్థిరపడటం, రాజీ, పరిష్కారం, చెల్లింపు, శిస్తు నిర్ణయం, వాడ, ఇట్లా వేరే వేరే చెప్పుకోవాలి. శిస్తు సెటిల్మెంటుకు పాతకాలం కచేరీల్లో ఫార్సీ నుంచి వచ్చిన మాట బందోబస్తు. ఇప్పుడు మనం బందోబస్తు అంటే పోలీసులు మోహరించడమే అనుకుంటాం. వినాయక చవితికి బందోబస్తు, ఎన్నికలకు బందోబస్తు. ఆ మాటకు మొదట ఉన్న అర్థం కట్టుదిట్టంగా ఏర్పాటు చేయడం. స్టువర్టుపురానికి మాత్రం రెండు అర్థాలూ సరిపోతాయి, అనుకోకుండా.

ఇదేదో మన దగ్గరే జరిగింది అనుకోకండి. సరదాగా ఒక రోజు సెటిల్మెంట్ అనే మాటను వేరే భాషల్లో ఏమంటారా అని వెతుకుతూ పోతే యూరప్‌లో స్లొవేకియా అనే చిన్న దేశం దగ్గర ఆగిపోయాను. వాళ్ల భాషలో అప్పు తీర్చుకోవడమైతే వేరే మాట, విరొవ్నానియె. రాజీ పడటమైతే దొహొదా. మనుషులు ఉండే చిన్న వాడ అయితే ఒసదా. ఆ ఒసదా అనే మాట అక్కడ ఇప్పుడు ఎక్కువగా ఎవరి వాడకి వాడతారో తెలుసా? రోమా జనానికి. ఊరి చివర, వాగు పక్కన, నీళ్లు సరిగా రాని చోట ఉండే రోమా వాడల్ని ఒసదా అంటారు. రోమావాళ్లు వందల ఏళ్ల కిందట మన దేశం నుంచి వలస వెళ్లిన జనం అని భాష చదివినవాళ్లు తేల్చారు. మన గ్రూపులో ఉన్న లంబాడీ అన్నలు నీళ్లని పాణి అంటారు కదా, రోమావాళ్లు కూడా పాని అనే అంటారు.

వాళ్ల మీద వచ్చిన చట్టాలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 18వ శతాబ్దంలో మరియా తెరీసా అనే రాణి, వీళ్లు తిరగడం మానేసి ఒకచోట ఉండి వ్యవసాయం చేయాలని ఆజ్ఞలు జారీ చేసింది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసేసి వేరే ఇళ్లలో పెంచమని కూడా. 1927లో చెకోస్లొవేకియా ప్రభుత్వం తిరిగే జిప్సీల మీద చట్టం చేసి, వేలిముద్రలతో గుర్తింపు కార్డులు ఇచ్చింది. 1958లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది, సంచార జీవుల శాశ్వత స్థిర నివాసం అని దాని పేరు. స్లొవాక్‌లో ఆ స్థిర నివాసానికి మళ్లీ ఇంకో మాట, ఉసీద్లెనియె. రాణి పోయింది, రాజ్యాలు మారాయి, కమ్యూనిస్టులొచ్చారు, కానీ తిరిగేవాణ్ని చూస్తే ప్రభుత్వానికి కలిగే చిరాకు మాత్రం మారలేదు. ఇంగ్లీషు వాడు ఈ మూడు నాలుగు పనుల్ని ఒకే మాటలో కలిపేశాడు. స్లొవాక్ వాళ్లు విడివిడిగా పెట్టుకున్నారు. ఫలితం ఏమైనా తేడా వచ్చిందా అంటే, నాకైతే కనపడలేదు.

సరే, మన దగ్గరికి వద్దాం. నోటిఫికేషన్.

మన హాస్టల్లో రోజుకి పదిసార్లు వినపడే మాట ఇది. "గ్రూప్-2 నోటిఫికేషన్ ఎప్పుడు పడుద్ది అన్నా?" ఫోన్ మోగినా నోటిఫికేషనే. ఇంగ్లీషులో నోటిఫై అంటే తెలియజేయడం, అంతే. కానీ 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో ఈ మాటకున్న పవర్ వేరే. మొదట ఆ చట్టం ఉత్తర భారతానికే. 1911లో మార్చి రాసి మద్రాసు రాజధానిక్కూడా తెచ్చారు. దాని ప్రకారం ప్రభుత్వం ఒక తెగ గురించి "వీళ్లు నేరాలకు అలవాటు పడ్డారని నమ్మడానికి కారణం ఉంది" అనుకుంటే చాలు, గెజిట్లో నోటిఫికేషన్ వేసేయొచ్చు. ఆ నోటిఫికేషన్ సరైందా కాదా అని ఏ కోర్టూ అడగడానికి లేదు. ఎవరు దొంగతనం చేశారు, ఎవరు చేయలేదు అన్న లెక్క లేదు. ఎరుకల కడుపున పుడితే నోటిఫై అయినట్టే. లంబాడీల్లో, యానాదుల్లో కూడా కొన్ని చోట్ల అట్లాగే వేశారు.

తాత దేనికి భయపడ్డాడో దానికోసం మనవడు వెబ్‌సైట్ రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటున్నాడు. పోయినేడు ఒక రాత్రి రూమ్‌లో ఇదే మాట చెప్తే మా రూమ్మేట్ నవ్వి, "అప్పుడు అప్లై చేయకుండానే సెలెక్ట్ అయ్యారన్నమాట" అన్నాడు. నవ్వొచ్చింది కానీ అదే నిజం.

ఆ సెక్షన్లో ఇంకో రెండు మాటలున్నాయి, వదిలిపెట్టకూడదు. ఒకటి ఎడిక్టెడ్. ఇప్పుడు మనం ఫోన్‌కి ఎడిక్ట్ అయ్యాడు, మందుకి ఎడిక్ట్ అయ్యాడు అంటాం. ఆ చట్టం ఒక జాతి మొత్తాన్ని నేరానికి ఎడిక్ట్ అయింది అంటుంది. అంటే పసిపిల్లాడు కూడా. రెండోది గ్యాంగ్. చట్టంలో ఇది ముఠా. రైల్వేలో గ్యాంగ్ అంటే పట్టాలు చూసుకునే జట్టు, గ్యాంగ్‌మన్ అంటే నెల జీతం, క్వార్టర్, పెన్షన్. స్టువర్టుపురం పక్కనే పట్టాలున్నాయి. ఒకే గ్యాంగ్ అనే మాట పట్టాల మీద ఉంటే ఉద్యోగం, పట్టాలు దిగి ఊళ్లోకొస్తే కేసు.

నోటిఫై అయ్యాక రిజిస్టర్. మనకి రిజిస్టర్ అంటే క్లాస్‌లో అటెండెన్స్ పుస్తకం, లేకపోతే భూమి రిజిస్ట్రేషన్. వాళ్లకి రిజిస్టర్ అంటే పేరు, ఊరు, వేలిముద్రలు ఎక్కించే పుస్తకం. అందులో పేరుంటే చెప్పిన వేళకి వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఇల్లు మారితే చెప్పాలి, ఊరు దాటితే చెప్పాలి. సెటిల్మెంట్ లోపల రోల్ కాల్ ఉండేది, బయటికి వెళ్లాలంటే పాస్ రాసివ్వాలి. చుట్టం చచ్చిపోయినా, పెళ్లైనా, సంతకెళ్లినా పాస్ కావాలి. పాస్ లేకుండా దొరికితే అదే నేరం. దొంగతనం చేయక్కర్లేదు, కదిలితే చాలు.

మా ఇంట్లో నేనే మొదటిసారి టెన్త్ పాసయ్యాను, ఇంటర్ పాసయ్యాను. ఫలితాల రోజు "పాసయ్యాడంట" అని మా అమ్మ వీధంతా చెప్పింది. మా అమ్మమ్మ మాత్రం "దేనికి పాస్? ఎక్కడికి పోతన్నాడు?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆమె వాళ్లమ్మ దగ్గర విన్న పాస్ వేరే అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు అసలు ఈ ఎరుకలవాళ్లు అంతకుముందు ఏం చేసేవారో చెప్పాలి, లేకపోతే వచ్చే మాట అర్థం కాదు. ఉప్పు ఎరుకల అని ఒక శాఖ ఉంది. తీరంలో ఉప్పు కొని, గాడిదల మీద ఎక్కించి లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యం తెచ్చుకునేవారు. కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల, వెదురు బద్దల బుట్టలల్లేవాళ్లు దబ్బ ఎరుకల, నేతగాళ్ల కుంచెలు కట్టేవాళ్లు కుంచె ఎరుకల. చీరాల నేత ఊరు కాబట్టి కుంచెల సంగతి ఇక్కడివాళ్లకి బాగా తెలుసు. ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. ఎరుక చెప్పడం అంటారు. తెలుగులో ఎరుక అంటే తెలివి, జ్ఞానం, గుర్తు. "నాకెరుకే" అంటే నాకు తెలుసు అని. మన జాతి పేరు పక్కన నేరం అన్న మాట పెట్టింది గెజిట్. తెలుగు పెట్టిన పేరులో తెలుసుకోవడమే ఉంది.

ఉప్పు మీద ప్రభుత్వం గుత్తాధిపత్యం పెట్టింది, పన్ను వేసింది. రైలు వచ్చి గాడిదల పని లాగేసుకుంది. కరువులు సరేసరి. అంటే ట్రాన్స్‌పోర్ట్ చేసి బతికే జనం చేతిలోంచి ట్రాన్స్‌పోర్ట్ పోయింది. తర్వాత చట్టం వచ్చి ఇంకో ట్రాన్స్‌పోర్టేషన్ ఇచ్చింది. నోటిఫై అయిన తెగ మనిషికి చట్టం చెప్పిన నేరాల్లో రెండోసారి శిక్షపడితే ఏడేళ్లకు తగ్గకుండా జైలు, మూడోసారి పడితే ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్. అంటే రవాణా కాదు, ద్వీపాంతర శిక్ష. అండమాన్‌కు పంపడం. అదే నేరం వేరే కులంవాడు చేస్తే ఈ లెక్క వర్తించదు. ఈ ట్రాన్స్‌పోర్టేషన్ అనే మాటకు రెండు అర్థాలున్నాయని ఏ వొకాబులరీ పుస్తకంలోనైనా వేస్తే బాగుణ్ణు, మార్కులకైనా గుర్తుంటుంది.

ఇక సాల్వేషన్ ఆర్మీ. ఆర్మీ అంటే మిలిటరీ అనుకుంటాం. అది మిలిటరీ కాదు, లండన్‌లో విలియం బూత్ మొదలుపెట్టిన క్రైస్తవ సంస్థ. కానీ అందులో పాస్టర్లుండరు, కెప్టెన్లు, మేజర్లు, ఆఫీసర్లు ఉంటారు. యూనిఫాం ఉంటుంది. మన దేశంలో దాన్ని నడిపిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ నేరస్తుల్ని మార్చడాన్ని ఒక వైద్యశాస్త్రం లాగా చూసి పుస్తకం కూడా రాశాడు, నేరం జబ్బు అన్నట్టు. తెలుగులో ఈ సంస్థని రక్షణ సైన్యం అంటారు. ఇక్కడ మాత్రం కిరికిరి తెలుగుదే. ఇంగ్లీషులో సాల్వేషన్ వేరు, డిఫెన్స్ వేరు, ప్రొటెక్షన్ వేరు. తెలుగులో మూడూ రక్షణే. రక్షణ పొందావా అని పాస్టర్ అడుగుతాడు, రక్షణ శాఖ అంటే మిలిటరీ, రక్షక భటుడు అంటే పోలీసు. సెటిల్మెంట్లో ఉన్న మనిషికి ఈ ముగ్గురూ ఒకే మనిషిలో కనిపించి ఉంటారు. ఆదివారం ప్రార్థన చేయించే మేనేజరే రాత్రి రోల్ కాల్ తీసుకుంటాడు.

సెంటెన్స్ అనే మాట కూడా అట్లాంటిదే. గ్రామర్లో వాక్యం, కోర్టులో శిక్ష. తెలుగులో వాక్యానికి శిక్ష అనే అర్థం లేదు కానీ, మన చర్చి వాళ్లకి తెలుసు, వాక్యం అంటే బైబిల్ ప్రసంగం. ఇంగ్లీషు సెంటెన్స్ నుంచి జైలుకి పోతే, తెలుగు వాక్యం నుంచి చర్చికి పోతాం. సెటిల్మెంట్లో రెండూ ఒకే ఆవరణలో ఉండేవి.

నేను వాళ్లని పూర్తిగా తిట్టడం లేదు. బడి పెట్టారు. చదువు వచ్చింది, కొంతమందికి భూమి దున్నుకునే వీలు వచ్చింది, ఆ ఊరి నుంచి టీచర్లు, ఉద్యోగులు వచ్చారు. కానీ అదే చట్టంలో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి స్కూళ్లలో పెట్టొచ్చు అన్న సెక్షన్ ఉంది. ఆ స్కూలుకి ఇండస్ట్రియల్, రిఫార్మేటరీ అని పేర్లు. సెటిల్మెంటుకి కూడా ఇండస్ట్రియల్ సెటిల్మెంట్ అని పేరు. ఇండస్ట్రీ అంటే కష్టపడే గుణం, ఫ్యాక్టరీ కూడా. మొదటి అర్థం నేర్పిస్తామని తెచ్చి రెండో దాంట్లోకి పంపారు. చీరాలలో ఐఎల్‌టీడీ కంపెనీ ఉంది కదా, ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, గుంటూరు జిల్లా వర్జీనియా పొగాకు అక్కడికి వచ్చేది. స్టువర్టుపురం సెటిల్మెంట్ జనం ఆ ఫ్యాక్టరీలో పనిచేశారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఎరుకల జీవితం, ఈ సెటిల్మెంటు, ఈ కూలీ సంగతులు వివరంగా రాశారు. పుస్తకం పేరుకు అర్థం చెప్పాలంటే, చరిత్ర చేతిలో పరువు పోయినవాళ్లు. ఇంగ్లీషు కొంచెం కష్టం కానీ లైబ్రరీలో దొరికితే వదలకండి. పారిపోవడానికి వీల్లేని కూలీ దొరికితే ఏ కంపెనీకైనా మంచిదే, అదీ విషయం.

1947లో మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని రద్దు చేసింది. దానికోసం కొట్లాడినవాళ్లలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారిని యానాది మిత్రులు మర్చిపోకూడదు. దేశం మొత్తం మీద అయితే అనంతశయనం అయ్యంగార్ కమిటీ 1949–50లో పరిశీలించి రద్దు చేయమంది, 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ రోజు విముక్త దినం చేసుకుంటారు. అప్పుడు వచ్చిన ఇంగ్లీషు మాట డీనోటిఫైడ్. అంటే నోటిఫికేషన్ తీసేసినవాళ్లు, లిస్టులోంచి పేరు కొట్టేసినట్టు, అంతకంటే ఏం లేదు. దాన్ని మన భాషల్లో విముక్త జాతులు అన్నారు. విముక్తి అంటే విడుదల, స్వేచ్ఛ. అనువాదంలో మనకి అసలుకంటే ఎక్కువ ఇచ్చారు. బతుకులో అంత రాలేదు.

ఎందుకంటే అప్పటికే ఇంకో మాట తయారై ఉంది. హేబిచ్యువల్. 1948లోనే మద్రాసులో హేబిచ్యువల్ అఫెండర్స్ చట్టం వచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాల్లో వచ్చాయి. హ్యాబిట్ అంటే అలవాటు. నాకు ఉదయం టీ తాగే హ్యాబిట్ ఉంది. హేబిచ్యువల్ అఫెండర్ అంటే నేరం అలవాటైనవాడు. కాగితం మీద ఈ చట్టం జాతిని చూడదు, మనిషి మీద పడిన శిక్షల్ని చూస్తుంది. కానీ స్టేషన్లో ఉన్న పాత పుస్తకాలు ఎవరు మార్చారు? వాటిలో పేర్లు ఎవరివి? కేడీ అనే మాట తెలుసు కదా, "వాడు పెద్ద కేడీగాడు" అని తిడతాం, సినిమా పేరు కూడా పెట్టుకున్నారు. అది తెలుగు మాట కాదు. పోలీసు రికార్డులో నోన్ డెప్రిడేటర్ అని రాసే దానికి పొట్టి పేరు, అంటే పేరుబడ్డ దోపిడీగాడు. హిస్టరీ షీట్ ఇంకోటి. హిస్టరీ మన సబ్జెక్టు, షీట్ మన ఆన్సర్ షీట్, రెండూ కలిస్తే మాత్రం పోలీసు ఫైలు. "వాడికి హిస్టరీ ఉంది" అని పోలీసాయన అంటే, "మాకు హిస్టరీ ఉంది" అని మనం సభల్లో అంటే ఒకటే మాట, రెండు లోకాలు.

1991లో ఈ ఊరి పేరు మీద రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి స్టువర్టుపురం పోలీస్ స్టేషన్, ఇంకోటి స్టువర్టుపురం దొంగలు. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. ఆ ఊళ్లో 1970ల నుంచి పనిచేసిన హేమలతా లవణం గారి మీద, ఆమె జాషువా గారి అమ్మాయి, ఒక్క పెద్ద సినిమా రాలేదు. నాకు తెలిసిన ఒక సీనియర్ అక్క ఒక ప్రైవేటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, అన్నీ బాగా చెప్పాక చివర్లో నేటివ్ ప్లేస్ చూసి "ఓహో" అన్నారంట. అంతే అన్నారంట. ఆ ఓహోకి డిక్షనరీలో ఎన్ని అర్థాలున్నాయో నేను వెతకలేదు. ఉద్యోగం రాలేదు. తర్వాత ఫారంలో ఆమె బాపట్ల అని రాయడం మొదలుపెట్టింది.

అందుకే అనువాదం గురించి నా మాట ఒకటి గట్టిగా చెప్పాలనుంది. తెలుగు పుస్తకాల్లో, పేపర్లలో క్రిమినల్ ట్రైబ్స్ అనే దాన్ని నేరస్థ జాతులు, నేరస్త తెగలు అని రాస్తారు. ఇంగ్లీషులో క్రిమినల్ అనే మాటకు రెండు అర్థాలు. క్రిమినల్ లాయర్ అంటే నేరాల కేసులు వాదించేవాడు, నేరం చేసినవాడు కాదు. క్రిమినల్ కోర్టు అంటే కోర్టు దొంగది అని కాదు. తెలుగులో నేరస్థ అంటే ఆ వెసులుబాటు లేదు, నేరం చేసిన అనే అర్థం ఒక్కటే. మన టెన్త్ పిల్లాడు సోషల్ పుస్తకంలో అది చదివితే, బ్రిటిష్ వాళ్లు ఒక చట్టం చేశారని కాక, అట్లాంటి జాతులు నిజంగానే ఉండేవని నేర్చుకుంటాడు. పక్క బెంచీ పిల్లాడు కూడా అదే నేర్చుకుంటాడు. నా ఉద్దేశంలో "నేరస్తులుగా ముద్ర వేసిన తెగలు" అని రాయాలి. పొడుగైంది అంటారు. అవనీ. వాళ్లు ఎనభై ఏళ్లు మోసారు, మనం రెండు మాటలు ఎక్కువ మోయలేమా?

గిరిజనులు అనే మాట గురించి కూడా రాద్దామనుకున్నాను. గిరి అంటే కొండ. చీరాలలో నిలబడి చుట్టూ చూస్తే సముద్రం, ఇసుక, జీడితోటలు, పొలాలు. కొండ కనపడదు. అయినా మనం గిరిజనులమే, సర్టిఫికెట్లో షెడ్యూల్డ్ తెగ. షెడ్యూల్ అంటే టైంటేబుల్ అని మాత్రమే తెలిసిన ఒక క్లాస్‌మేట్ "షెడ్యూల్డ్ అంటే ఏంట్రా, మీకు టైమింగ్స్ ఉంటాయా?" అని నిజంగానే అడిగాడు. షెడ్యూల్ అంటే జాబితా కూడా అని చెప్పాను. దీని మీద వేరే పోస్టు రాయాలి, ఇక్కడ ఇంతే.

ఈ మధ్య సంగతి ఒకటుంది, పరీక్షలకి కూడా పనికొస్తుంది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పు ఇచ్చింది. ఆమె జర్నలిస్టు. జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచడం మీద రాసి, కోర్టుకి వెళ్లారు. జైలు మాన్యువల్స్‌లో తిరిగే తెగలవాళ్లను, డీనోటిఫైడ్ తెగలవాళ్లను పుట్టుకను బట్టి అలవాటైన నేరస్తులుగా చూసే రాతలు ఇంకా అప్పటిదాకా ఉన్నాయి. 1952 నుంచి లెక్కపెట్టుకోండి, డెబ్బై రెండేళ్లు. వాటిని కోర్టు కొట్టేసింది. హేబిచ్యువల్ అనే మాటను జాతిని చూసి కాదు, చట్టంలో ఉన్న నిర్వచనం ప్రకారమే వాడాలని చెప్పింది. ఒక్క మాటకి ఏ అర్థం తీసుకోవాలి అన్నదాని మీద దేశంలో పెద్ద కోర్టు కూర్చుని తీర్పు రాసింది. వొకాబులరీ ఎందుకు అనే తమ్ముళ్లకు ఇది చూపించండి.

చివరిగా ఒక సాయం కావాలి. ఇంగ్లీషు మాటలన్నీ రికార్డుల్లో దొరుకుతున్నాయి. మనోళ్లు వాటిని ఏమనేవాళ్లో మాత్రం ఎక్కడా దొరకడం లేదు. రాత్రి రోల్ కాల్‌కి వెళ్లడాన్ని కుర్రు భాషలో ఏమనేవారు? పాస్‌ని ఏమనేవారు? సెటిల్మెంట్ మేనేజర్ని వెనకాల ఏ పేరుతో పిలిచేవారు? మా అమ్మమ్మకి రెండు మాటలు గుర్తున్నాయి, ఒకటి ఇక్కడ రాయదగింది కాదు. ఈ దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇళ్లలో ఎనభై దాటినవాళ్లు ఉంటే అడిగి, ఏ ఊరు, ఎవరు చెప్పారు, ఏ భాష అని పక్కన రాసి నాకు పంపండి. స్టువర్టుపురం, సీతానగరం, కావలి, సిద్ధాపురం పక్కవాళ్లు ముందుగా. లంబాడీ, యానాది మాటలైనా సరే. వచ్చినవన్నీ నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను, ఇప్పటికి పదకొండు అయ్యాయి.